పైకొమ్మ లెక్క

ఆ రోజు పొద్దున కూడా కుళ్ళాయప్ప అరుగు మీద కూర్చుని, కాఫీ ఊదుకుంటూ, భార్యకు నిజం చెప్పాడు.

“పంచాయతీ చింతచెట్లు పదకొండు. నూటముప్పై మణుగుల కాయకు తక్కువ రాదు. కూలీ, బండి బాడిగ పోను తొమ్మిది వేల దాకా పాడొచ్చు. దాటితే నష్టమే.”

“నాకెందుకు చెప్తావప్పా? నేనేమన్నా వేలానికొస్తానా?” అంది తిరుపాలమ్మ, బియ్యం చెరగడం ఆపకుండా.

లేపాక్షి చుట్టుపక్కల ముప్పయ్యేళ్ళుగా చింతచెట్లను ఏడాదికింతని గుత్తకు పట్టి, పండు హిందూపురం మార్కెట్లో అమ్ముకునే మనిషి కుళ్ళాయప్ప. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి తలెత్తి చూశాడంటే ఎన్ని మణుగులో చెప్పగలడు. అయితే ఆయన దగ్గర రెండు లెక్కలుండేవి. రైతుకు చెప్పే దాంట్లో పైకొమ్మ ఉండదు. పైకొమ్మతో కలిపిన లెక్క పొద్దున్నే తిరుపాలమ్మకు చెప్పేవాడు. రోజుకు ఒక్కరికైనా నిజం చెప్పకపోతే ఆయనకు కాఫీ దిగేది కాదు.

కొడుకు శ్రీకాంత్ ఈ విద్య నేర్వలేదు. వాడికి చెట్టును చూస్తే నీడ ఒక్కటే కనపడేది. హిందూపురంలో మందుల షాపు పెట్టుకుని, పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరేవాడు. తనతోనే ఈ విద్య పోతుందని కుళ్ళాయప్పకు లోలోపల దిగులు.

కోడలు ఇంద్రాణి వచ్చి, మామ గ్లాసులో ఇంకాస్త కాఫీ పోసి, లోపలికి పోయింది.

పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసు ముందర వేలం మొదలైంది.

“ఈ ఏడు కాయ యాడుండాదన్నా? అంతా పురుగే. అరవై మణుగులొస్తే నా అదృష్టం” అంటూ కుళ్ళాయప్ప మొహం వేలాడేసుకుని నాలుగు వేలు పాడాడు. పక్కూరి వ్యాపారులు ఆ మొహం చూసి వెనక్కి తగ్గారు. ఆ మొహం వల్ల ఏటా రెండు మూడు వేలు మిగిలేవి.

“ఐదు వేలు.”

ఆడగొంతు. కుళ్ళాయప్ప తిరిగి చూస్తే ఇంద్రాణి. ఆమె వెనక డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు పదకొండు మంది, కొంగులు బిగించి నిలబడి ఉన్నారు.

పాట ఆరుకు పోయింది, ఏడున్నరకు పోయింది. “తొమ్మిది వేలు” అన్నాడు కుళ్ళాయప్ప, పళ్ళు బిగించి.

“తొమ్మిది వేల నూరు” అంది ఇంద్రాణి.

కుళ్ళాయప్ప నోరు తెరిచాడు. పొద్దున తాను చెప్పిన మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. కార్యదర్శి మూడుసార్లు పిలిచి చెట్లు సంఘానికి రాశాడు.

ఇంటికొచ్చిన కుళ్ళాయప్ప కాళ్ళు కడుక్కున్నాడు గానీ కంచం ముందు కూర్చోలేదు.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టినావు కదమ్మా” అన్నాడు కోడలితో.

“వాసాలు కాదు మామా, చెట్లు లెక్కపెట్టినా.”

“నా లెక్క దొంగిలించి పెట్టినావు.”

“దొంగతనమేముండాది? ఎనిమిదేండ్లుగా కాఫీ పోస్తాండా. నువ్వు చెప్పినావు, నేను విన్నా. పొలానికి పోతా పోతా చెట్టు కింద నిలబడి సరిచూసుకున్నా.”

“తొమ్మిది వేలు దాటితే నష్టమని కూడా విన్నావు గదా. బ్యాంకులో సంఘం అప్పుండాది. ఆ పదకొండు కొంపలూ ముంచుతావా?”

“నువ్వు కూలీ తీసేసి చెప్పినావు మామా. రాల్చేది మేమే, గింజ తీసేది మేమే. మాకు కూలోళ్ళెవరు?”

ముప్పయ్యేళ్ళలో ఆయన లెక్కలో కన్నం కనిపెట్టిన వాళ్ళు లేరు. అందుకే కోపం ఇంకా పెరిగింది. “అరవై మణుగులన్న నా నోటితోనే తొమ్మిది వేలనిపిస్తివి. ఊరి ముందర నన్ను అబద్ధాలోణ్ణి చేసినావు.”

ఇంద్రాణి గొంతు తగ్గించింది. “ఒగటి అడుగుతా. నా పెండ్లికి ముందరేడు మా నాయన చెట్టు గుత్త పట్టినావు. ఏడు మణుగులే అన్నావు. అత్తకు ఎంత చెప్పినావు?”

తిరుపాలమ్మ చేతిలో చేట ఆగింది.

“పదకొండు” అంది తిరుపాలమ్మ, మొగుడి వైపు చూడకుండా.

“ఆ ఏడు చెనిక్కాయ విత్తనానికి చాలక నాయన పాడావును అమ్మినాడు మామా” అంది ఇంద్రాణి. “అంతే. నిన్ను తిట్టాలని కాదు. అన్నం తిను.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు తిట్టు బాకీ తీర్చడం ఆయనకు తెలుసు. దీన్ని ఎలా తీర్చాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలన్నీ తిరుపాలమ్మ మీదుగా నడిచాయి.

“నీ కోడలికి చెప్పు, పప్పులో ఉప్పు తక్కువైంది.”

“మామకు చెప్పత్తా, ఉప్పు ఆ పక్కనే ఉండాది.”

“ఇద్దరికీ నేనే చెప్తాండా” అంది తిరుపాలమ్మ. “నా గొంతుకు బాడిగ ఎవరిస్తారు?”

మాఘంలో కాయ రాల్చడం మొదలైంది. కుళ్ళాయప్ప పనేమీ లేకపోయినా రోడ్డు పక్కన గుండురాయి మీద కూర్చుని చూశాడు. ఆయన మనుషులైతే పొడుగు గడలతో బాదేవాళ్ళు. కాయతో పాటు లేతకొమ్మలూ విరిగి పడేవి, మరుసటేడు కాపు సగం పోయేది. గుత్త ఒక్క ఏడాదిదే కదా, వచ్చే ఏడు చెట్టు ఎవరిదో. ఈ ఆడవాళ్ళు పాత చీరలు కింద పరిచి, చెట్టెక్కి కొమ్మలు ఊపుతున్నారు. ఒక్క రెమ్మ విరగలేదు.

అయితే మంచు ఆరకముందే రాలుస్తున్నారు. కుళ్ళాయప్ప చాలాసేపు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత గుండు దిగాడు.

“ఇంద్రాణీ, మంచులో రాల్చొద్దు. తడి పట్టిన పండు నెలకే నల్లబడ్తాది. ఎండ రానీ.”

“అత్తతో చెప్పి పంపిస్తావనుకున్యా మామా” అంది ఇంద్రాణి కొమ్మ మీద నుంచి. చెట్ల మీద పన్నెండు మందీ నవ్వారు. ఆయన మీసం కూడా కాస్త కదిలింది.

ఇక ఆగలేదు. చీర మీద కూర్చుని ఒక కాయ ఒలిచి చూపించాడు. “సుత్తితో చితక్కొడితే చపాతీ మాదిరి అవుతాది. దాన్ని మార్కెట్లో ప్లవర్ అంటారు. చేత్తో ఈనె తీసి, పొడుగ్గా విరక్కుండా ఒలిస్తే కరిపులి. ధరలో రెట్టింపు తేడా.”

“మరి నువ్వెందుకు ఒలిపించలే?” అంది ఇంద్రాణి, చెట్టు దిగి వచ్చి.

“కూలికొచ్చినోళ్ళకు అంత ఓపిక యాడిది? సరుకు తమదైతే గదా...” అంటూ ఆయన మధ్యలోనే ఆగిపోయాడు.

హిందూపురానికి కూడా ఆయనే వెంట పోయాడు. దళారీ సరుకంతా కలిపి ప్లవర్ ధర కట్టబోతే, కుళ్ళాయప్ప పోయి కరిపులి మూట మీద కూర్చున్నాడు.

“నీదా అన్నా ఈ సరుకు?” అన్నాడు దళారీ అనుమానంగా. “ఇంత శుభ్రంగా ఎప్పుడూ తేలేదే.”

“మా కోడలిది. ధర సరిగ్గా చెప్పు, లేకపోతే నేను లేచేది లేదు.”

సంఘం అప్పు ఆ నెలలోనే తీరింది.

మరుసటేడు పుష్యంలో కుళ్ళాయప్ప భార్యనూ కోడలినీ వెంటబెట్టుకుని వియ్యంకుడు ఈరన్న పొలానికి పోయాడు. చెట్టు కింద ఈరన్న బీడీ ఆర్పి నిలబడ్డాడు.

“ఎంతంటావు బావా? అప్పటి మాదిరి ఏడేనా?”

కుళ్ళాయప్ప కోడలి వైపు తిరిగాడు. “చెప్పు.”

ఇంద్రాణి చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగింది. అచ్చం ఆయన లాగే చేతులు వెనక్కి కట్టుకుని, ఒక కన్ను చికిలించి చూసింది. కుళ్ళాయప్ప ఆ నడక చూస్తూ ఉండిపోయాడు. విద్య తనతో పోతుందని ఇన్నేళ్ళు దిగులుపడ్డాడు, అది తన గ్లాసులో కాఫీ పోస్తూ ఇంట్లోనే తిరుగుతోందని తెలుసుకోలేకపోయాడు.

“పదకొండు” అంది ఇంద్రాణి.

“పన్నెండు” అన్నాడు కుళ్ళాయప్ప, పక్క చేలో వాళ్ళకు కూడా వినపడేలా. “పైకొమ్మ మరిచినావు.”

ఈరన్న దగ్గరికొచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. “ఒళ్ళు బాగుండాదా బావా?”

ఇంద్రాణి పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కుళ్ళాయప్ప పైకొమ్మ వైపు తలెత్తి, అవసరం కన్నా కాస్త ఎక్కువసేపే చూశాడు.

“నేను నీకియ్యాల్సిన పాతబాకీ నాలుగు మణుగులు కూడా ఉండాది బావా” అన్నాడు.

“పాతబాకీనా? ఎప్పటిది?”

“దాన్నడుగు” అని తిరుపాలమ్మను చూపించాడు కుళ్ళాయప్ప. “దానికన్నీ గుర్తుండాయి.”