అరవై నిమిషాల్లో పన్నెండు పాటలు

అమలమ్మ ఎయిర్‌బ్యాగ్‌లో సర్దినవన్నీ మూడోసారి మంచం మీద గుమ్మరించి, మళ్ళీ మొదటినుంచీ సర్దుతోంది.

"అమ్మా, నాగపూర్‌లో సబ్బులు దొరుకుతాయే" అంది డయానా.

"దొరక్కపోతే?"

"వాళ్ళెవరూ స్నానాలు చెయ్యరనుకుని సర్దుకుపోతాను."

నాలుగింటికి రైలు. నాగపూర్‌లో పిన్ని పనిచేసే మిషన్ ఆసుపత్రిలో రిసెప్షనిస్టు ఉద్యోగం. డయానాకి ఇష్టం లేని ఉద్యోగం.

బయట తుంపర పడుతోంది. గేటు దగ్గర జయపాల్ పావుగంట నుంచి నిలబడే ఉన్నాడు. బెజవాడ గవర్నర్‌పేటలో బసవపున్నయ్య గారి రికార్డింగ్ సెంటర్లో పని అతనికి. చీటీ మీద పాటల పేర్లు రాసిస్తే, షాపులో ఉన్న రికార్డుల నుంచి క్యాసెట్‌లోకి ఎక్కించి ఇస్తాడు. నాలుగేళ్ళుగా డయానా చీటీలన్నీ అతనే తీసుకున్నాడు. అన్నీ ఎనభైల నాటి డిస్కో, పాప్ పాటలు.

"లోపలికి రండి సార్. తడిసి జ్వరమొస్తే అదీ నా మీదికే వస్తుంది" అంది డయానా కిటికీలోంచి.

వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"డయానా గారూ, ఆ రోజు... క్విజ్‌లో..."

"ఓడిపోయాను. ఊరంతటికీ తెలుసు. ఇంకేమిటి విశేషం?"

కేబుల్ టీవీ వాళ్ళు ప్రతి నెలా రెండో ఆదివారం పాత పాటల క్విజ్ పెడుతున్నారు. ఆ నెల గెలిచినవాళ్ళకి కొత్త పాటల ప్రోగ్రాంలో యాంకర్ పని ఇస్తామన్నారు. అది వస్తే డయానా బెజవాడలోనే ఉండిపోవచ్చు. ఏ పాటకి హీరో అద్దాల నేల మీద ఆడాడో, ఏ పాటలో చప్పట్లు మనుషులు కాకుండా మిషన్ కొట్టిందో, ఏ రికార్డు రెండోవైపు ఏ పాట ఉందో అన్నీ టకటకా చెప్పేసింది. చివరి ప్రశ్నకి పాట మొదట్లో వచ్చే వాయిద్యాలు మాత్రం వినిపించి, పాడినది ఆడా మగా అని అడిగారు.

"ఆడ గొంతండీ."

"కాదమ్మా."

"నాలుగేళ్ళుగా రోజూ వింటున్నానండీ. నా క్యాసెట్ వెయ్యండి కావాలంటే!"

ముందు వాళ్ళ రికార్డు వేశారు. మగ గొంతు. తర్వాత ఆమె క్యాసెట్ వేశారు. అదే పాట చిన్నపిల్ల గొంతుతో పరుగులు తీసింది. హాలంతా ఘొల్లుమంది.

"ఎక్కడ చేయించావమ్మా ఈ రికార్డింగు?" అని మైకులో అడిగారు.

డయానా మూడో వరసలో ఉన్న జయపాల్ వైపు చూసింది. జయపాల్ వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు.

"గుర్తులేదండీ" అంది డయానా.

ఇప్పుడు ఆ సంగతి తలచుకుంటేనే అతని చెవులు కాలిపోతున్నాయి.

"స్పీడు పెంచింది నేనేనండి" అన్నాడు నేల చూస్తూ. "అరవై నిమిషాల క్యాసెట్‌లో పది పాటలే పడతాయి. మీరేమో ప్రతిసారీ ఇంకో రెండు పట్టించండి, ప్లీజ్ అనేవారు. కాదనలేక రికార్డ్ ప్లేయర్ మోటారు పక్కన స్క్రూ తిప్పి పన్నెండూ ఎక్కించేవాణ్ణి."

"అందరికీ అలాగే తిప్పుతారా?"

"లేదండి. మీకొక్కరికే."

డయానాకి నవ్వొచ్చింది. అంతలోనే కళ్ళు నిండాయి.

"స్క్రూ సంగతి నాకు ఆ రోజే అర్థమైంది. దానికి కోపం లేదు. నేను నీవైపు చూశాను జయపాల్. నువ్వు చెప్పు చూసుకున్నావు."

వాకిట్లో పేపరు చదువుతున్న ఏసుపాదం, డయానా నాన్న, పేపరు మడిచాడు.

"ఏమయ్యా, అప్పుడే లేచి చెప్పుంటే ఇంకో ప్రశ్న వేసేవాళ్ళేమో కదా?"

"వేసేవారేనండి."

"మరి?"

"అందరూ నన్ను చూసి నవ్వుతారని భయపడ్డానండి."

ఏసుపాదం మళ్ళీ పేపరు విప్పాడు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"మా ఇంట్లో చెప్పి ఏం లాభం?" అంది డయానా చివరికి. "మా ఇంట్లో ఎవరూ నవ్వలేదుగా."

స్టేషన్‌కి బ్యాగు అతనే మోశాడు. రైలు కదిలేదాకా నోట్లోంచి రావలసిన మాట రానే లేదు. "జాగ్రత్తండీ" అన్నాడంతే.

తర్వాతి నెల రెండో ఆదివారం అదే హాల్లో, ఎవరూ అడగకుండానే జయపాల్ లేచాడు. స్క్రూ సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి తల వంచలేదు. ఆ అమ్మాయి వస్తే మరో అవకాశం ఇస్తామన్నారు నిర్వాహకులు. ఆ రాత్రే ఉత్తరం రాశాడు.

జవాబు జనవరి చివర్లో వచ్చింది.

"నువ్వు లేచి నిలబడ్డావని నాన్న అప్పుడే రాశారు. ఉత్తరం చదివి వార్డులో అందరికీ కాఫీ ఇప్పించాను. నేను మాత్రం రాను. ఇక్కడ రోగులకి సాయంత్రాలు పాటలు పెడుతున్నాను, ఈ పని నచ్చింది. నువ్వు స్టేషన్‌లో మింగేసిన మాట ఒకటుంది. అది ఉత్తరంలో రాయకు. వచ్చి చెప్పు. ఈసారి గారూ, అండీ వద్దు."

జయపాల్ తెచ్చి చూపిస్తే, ఏసుపాదం ఆ ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"మా అమ్మాయి పిలిచిందంటే మేము కాదనేదేముంది? వెళ్ళు. ఈసారైనా నోరు తెరువు."

బసవపున్నయ్య గారు సెలవిచ్చారు.

"వారం సరిపోతుందా?"

"వారమెందుకండీ, మూడు రోజుల్లో వచ్చేస్తాను."

జయపాల్ 1997 ఫిబ్రవరి పదో తేదీన నాగపూర్ రైలెక్కాడు. మళ్ళీ బెజవాడ రాలేదు; ఆసుపత్రిలో రోగులకి సాయంత్రాలు ఇప్పుడు ఇద్దరూ కలిసి పాటలు పెడుతున్నారు.