తెరకు అవతలి ఏనుగు

"సారూ, ఏనుగు మొగం ఎడమ దిక్కుండాలె," అంది లీదియా, ముందు సీటులో బొమ్మ గీస్తున్న ఎల్లస్వామి కాగితంలోకి తొంగిచూసి.

"కుడి దిక్కే ఉండె టీచరమ్మా. ఇప్పుడే గద చూసి వస్తున్నం."

"అయితే కండ్లు దవాఖానల చూపియ్యి."

యూనివర్సిటీలో శనివారం శనివారం పాత గుళ్ల మీద, కోటల మీద అందరికోసం ఉపన్యాసాలు పెడుతున్నారు. లాంతరు వెలుగులో తెల్లగుడ్డ మీద బొమ్మలు చూపిస్తారు; ఇవాళ ఒక గుడి గోడ మీది ఏనుగును చూపించారు. ఇద్దరూ ఉపన్యాసం విని ఇబ్రహీంపట్నం బస్సెక్కారు. లీదియా మిషన్ బడి పంతులమ్మ. అతను కొత్తగా బదిలీ మీద వచ్చిన డ్రాయింగ్ సారు. పోయేది ఒకే చర్చికైనా, మాట కలిసింది ఈ పేచీతోనే.

మన్నెగూడ దాటినా ఏనుగు ఎటూ తిరగలేదు.

"ఆడోళ్లను యాడ కూసోవెడ్తున్నరు?" అన్నాడతను ఉన్నట్టుండి.

"తెర ఎనక. పర్దా కద."

ఎల్లస్వామి పగలబడి నవ్వాడు. "గుడ్డకు అవతలికెల్లి చూస్తే బొమ్మ తిరగవడదా?"

లీదియా ముఖం చిన్నబోయింది. "అంటే ఇన్నొద్దులు అంత ఉల్టానే చూసిన్నా?"

"చార్మినార్‌కు ఫికర్ లేదు. యాడికెల్లి చూసినా ఒక్కతీరే."

"నవ్వకు. నన్ను తెర ముందట కూసోవెట్టు, అప్పుడు నమ్ముత."

ఆ తర్వాతి శనివారాలు బస్సు మరీ తొందరగా ఊరు చేరుతోందనిపించేది ఇద్దరికీ.

సెప్టెంబరు వచ్చింది. రజాకార్ల భయం ఒకవైపు, సైన్యం వస్తుందన్న పుకారు ఇంకోవైపు. లీదియాను తల్లి సుసన్న గడప దాటనివ్వలేదు. ఆడవాళ్లకు తెర ముందు సీట్లు అడిగొస్తానని ఎల్లస్వామి ఒక్కడే పోయాడు. మర్నాటి నుంచి బస్సులు బంద్. వారం తిరక్కుండానే నిజాం లొంగిపోయాడని ఊరంతా సంబరపడింది. ఎల్లస్వామి మాత్రం రాలేదు. తన మాట కోసమే పోయాడని లీదియాకు ముద్ద దిగలేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు, ప్రార్థన మనవులు ఉంటే చెప్పమన్నారు. ఒకరు మొగుడి కోసం, ఒకరు కొడుకు కోసం లేచారు. లీదియా కూడా లేచింది.

"ఎల్లస్వామి సారు పానంతోని రావాలె."

సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. పెళ్లికాని పిల్ల పరాయి పిల్లగాడి పేరు అక్కడ పలికితే డప్పు కొట్టి చాటినట్టే. సుసన్న తల పట్టుకుంది. నలుగురూ ఏమన్నా అనుకోనీ, అతను బతికుంటే చాలనుకుంది లీదియా.

మర్నాడు పొద్దెక్కాక, మోకాళ్లదాకా దుమ్ముతో ఎల్లస్వామి లీదియా వాళ్ల గడప ముందు నిలబడ్డాడు.

"దోస్తు ఇంట్ల తలదాచుకున్న. నడిచే వచ్చిన. సీట్లకు ఒప్పుకున్నరు టీచరమ్మా."

"సీట్లు మన్నువడ," అంది లీదియా. ఇన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారే వచ్చేసింది.

"ఊళ్లె అడుగువెట్టంగనే అందరు గదే చెప్తున్నరు. నా కోసం చర్చిల లేచి నిలవడ్డవట. నిజమేనా?"

"అవ్."

అతను సుసన్న వైపు చూశాడు. ఆమె కాళ్లు కడుక్కోమని చెంబు చేతికిచ్చింది.

"అందరి ముందట అడిగింది, దేవుడిచ్చిండు. ఇచ్చినంక వద్దంటమా? లోపలికి రా బిడ్డా, అన్నం తిందువు."