దిగువ వరస చెట్లు

కొబ్బరిపాల అన్నం రెండు ముద్దలు తిని, రుహాయా నిచ్చెన భుజాన వేసుకుని తోటలోకి నడిచింది. బొటనవేలంత స్టార్ ఫ్రూట్ పిందెలకు కాగితపు సంచులు తొడగాలి. ఆలస్యమైతే పండు ఈగ గుడ్లు పెట్టేస్తుంది. పైకి నిగనిగలాడే కాయలో పురుగులు లుకలుకలాడతాయి.

మలేసియాలో, పేరాక్‌లోని ఈ తోటను పెంచింది ఆమె తండ్రి మహత్. పండు కొరికి చెట్టు జబ్బు చెప్పేస్తాడని ఊళ్లో ఆయనకు పేరు. కిడ్నీలు పాడయ్యాక డాక్టర్ గట్టిగా హెచ్చరించాడు: ఈ పండు ఒక్క ముక్క తిన్నా ప్రాణం మీదికి వస్తుంది. అప్పటినుంచి తోట భారం కూతురిదే.

"దిగువ వరసలో ఆకులు పసుపెక్కాయి, పూత రాలుతోంది. ఎరువు తెప్పిస్తున్నా నాన్నా," అంది రుహాయా.

"ఎవర్నడిగి?"

"ఆకులు చూస్తే తెలియడంలా? బలం లేదు వాటికి."

"అవున్లే. ఇప్పుడన్నీ నీకే తెలుసు."

రుహాయా నవ్వేసి నిచ్చెనెక్కింది. కాసేపటికి కిందికి చూస్తే, తండ్రి దిగువ వరసలో కూర్చుని పండు కోస్తున్నాడు. ముక్క నోటి దగ్గరికి వెళ్తోంది.

నిచ్చెన దిగి ఒక్క ఉరుకున వెళ్లి ఆయన చేతిమీద కొట్టింది. ముక్క బురదలో పడింది.

"చచ్చిపోదామనా?"

"నామీదే చెయ్యి చేసుకుంటావా? నా చెట్టు పండు నేను కొరక్కూడదా?"

"కూడదు! వారం వారం ఆస్పత్రిలో అమ్మ ఏడుపు చూసేది నేను."

మహత్ కత్తి కింద పెట్టాడు. "చెట్టుకేమైందో రుచి చూడకుండా ఎలా చెప్పనమ్మా? ఆ ఒక్కటీ పోతే ఇంట్లో కుర్చీకీ నాకూ తేడా ఏంటి?"

రుహాయా కోపం చప్పున చల్లారింది. ఆయన దగ్గర గొంతుక్కూర్చుంది. మిగిలిన పండు తీసుకుని తనే కొరికింది.

"అడుగు. చెప్తాను."

మహత్ మెల్లగా అడిగాడు. "తీపేనా?"

"ఏదో ఉందిలే. నీళ్లు కలిపిన షర్బత్‌లా ఉంది."

"పులుపు?"

"అస్సల్లేదు. చప్పగా ఉంది."

మహత్ కళ్లు వెలిగాయి. చెట్టు మొదట్లో మట్టి గుప్పెడు తవ్వి కూతురి చేతిలో పెట్టాడు. అందులో చెట్టు వేళ్లు నల్లబడి, కుళ్లు వాసన కొడుతున్నాయి.

"బలం లేక కాదు తల్లీ. నీళ్లు నిలిచి వేళ్లు ఊపిరాడక చస్తున్నాయి. ఎరువు వేస్తే ఇంకా పోయేవి."

రుహాయా బురద చేత్తోనే ఎరువుల కొట్టుకి ఫోన్ చేసి బస్తాలు వద్దంది. పార తెచ్చింది.

"కాలవ ఎటు తియ్యమంటావు నాన్నా?"

మహత్ చెట్టు పట్టుకుని లేచి నిలబడ్డాడు. పొలం వాలుకేసి చెయ్యి చాపి, పాత గొంతుతో గద్దించాడు.

"అటు కాదు, ఇటు! లోతుగా తియ్యి!"