పగలు మాత్రమే తగ్గే లెక్క

"మళ్ళీ తగ్గింది!" కొలత జార్‌ను బల్ల మీద పెట్టి, వంగి చూస్తూ అనుకుంది భవిత.

బందరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె స్టాఫ్ నర్సు. రిటైర్డ్ టీచర్ గోపాలకృష్ణమూర్తి గారికి రాత్రి యూరిన్ బాగానే వస్తోంది. పగలు సగం కూడా ఉండటం లేదు. సాయంత్రంలోగా పెరగకపోతే డయాలసిస్‌కి విజయవాడ పంపిద్దామన్నారు డాక్టరు గారు.

మనిషి చూస్తే నిక్షేపంగా ఉన్నారు. కాళ్ళ వాపు దిగింది. మరి తాగిన నీళ్ళన్నీ ఎటు పోతున్నట్టు?

రాత్రి తోడుండేది ఆయన చెల్లెలు వసుంధర. పగలు కొడుకు కౌండిన్య. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ పిల్లలకి ఫ్లూయిడ్ మెకానిక్స్ చెబుతాడు. భవిత వచ్చిందంటే చదివిన పేజీయే మళ్ళీ చదువుతాడు.

"ఏవండీ, నాన్నగారి యూరిన్ బ్యాగ్ ఎవరైనా ముట్టుకుంటున్నారా?"

"నేనేనండీ. మీరొచ్చేలోపు బాత్రూంలో పారబోస్తున్నాను."

"ఎందుకూ?"

"మీరది పట్టుకుని వార్డంతా నడుస్తుంటే చూళ్ళేకపోయానండీ."

"మరి కొంచెం ఎందుకు మిగులుస్తున్నారు?"

అతను తల దించుకున్నాడు. "మొత్తం తీసేస్తే మీరు రారేమోనని."

భవితకి నవ్వొచ్చింది, అంతకు మించి ఒళ్ళు మండింది.

"కొలవకుండా పారబోస్తారా? పాఠం చెప్పేది నీళ్ళ గురించేగా! మీ మర్యాద పుణ్యమా అని మాస్టారికి డయాలసిస్ పెట్టేవాళ్ళం!"

అతని మొహంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. "ఊరికే ఖాళీ చేస్తారనుకున్నానండీ. డాక్టరు గారితో నేనే చెబుతాను."

చెప్పాడు. వార్డులో అందరి ముందూ చివాట్లు తిన్నాడు, భవిత పేరు మాత్రం ఎత్తలేదు. అతను తనకు నచ్చాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం దాకా చుక్క పోకుండా కొలిచారు. బ్యాగ్ మీది గీతల్ని నమ్మకూడదనీ, జార్‌లో పోసి కంటికి సమంగా చూడాలనీ ఆమె నేర్పింది. రెండు తలలూ ఒకే గీత దగ్గర వంగాయి. లెక్క నిండుగా వచ్చింది. కొత్త రక్త పరీక్షా బాగుంది. విజయవాడ ప్రయాణం ఆగిపోయింది.

మంచం మీంచి మాస్టారు నిట్టూర్చారు. "ఇంట్లో తాగిన కాఫీ గ్లాసు కూడా తియ్యడమ్మా వీడు. ఇక్కడ చేసే సేవ చూసి, నా మీద భక్తి అనుకుని పొంగిపోయాను."

"నాన్నా!" అన్నాడు కౌండిన్య.

భవిత జార్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది కడిగి తీసుకురండి. మాస్టారూ, ఈయనకి కాఫీ గ్లాసులు కడగడం కూడా వచ్చాక, గూడూరులో మా అమ్మానాన్నలతో మాట్లాడుదురు గాని."