ఏడో నంబరు డ్రైవరు పేరు

డిపోలో డ్యూటీ జాబితా తయారుచేసే ప్రోగ్రాం ఆమె రాసిందే. బదిలీ అయినవాళ్ల పేర్లను అది నెలకోసారి తీసేస్తుంది. ఈ నెల వరసగా ఇద్దరు బదిలీ అయ్యారు. ముందున్న పెద్దాయన పేరు పోయింది, ఆ కిందున్న ఏడో నంబరు బస్సు డ్రైవరు పేరు మాత్రం పోలేదు.

అతను ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, తన పేరు తీసెయ్యమని అడిగాడు. ఎనిమిది నెలలుగా అదే కిటికీ దగ్గర డ్యూటీ కాగితం తీసుకుంటూ, వాన గురించి తప్ప మరో మాట ఎత్తని మనిషి.

"నా ప్రోగ్రాంలో తప్పు లేదు," అంది ఆమె.

"అయితే నాలో ఉందేమో చూడండి, మేడమ్."

తర్వాత అతను తన కండక్టరు సంగతి చెప్పాడు. నిలబడ్డవాళ్లకు టిక్కెట్లు కొడుతుంటే ఒకాయన దిగిపోయాడట. వెనకాయన ఆ ఖాళీలోకి జరిగాడు, కండక్టరు అప్పటికే తర్వాతి చోటికి వెళ్లిపోయాడు. జరిగినాయనకి టిక్కెట్టే లేదు.

ఆమె చెవులు వేడెక్కాయి. ప్రోగ్రాం చేసిందీ సరిగ్గా అదే. పెద్దాయన పేరు తీయగానే ఇతను ఆ చోటికి జరిగాడు, ప్రోగ్రాం ఇతన్ని చూడకుండానే కిందికి పోయింది. చివరి నుంచి మొదటికి చూస్తూ వస్తే ఎవరు జరిగినా, వాళ్లు చూసేసినవాళ్లే అవుతారు. రెండు నిమిషాల్లో సరిచేసింది.

మీట మీద వేలు మాత్రం ఆగిపోయింది. నొక్కితే రేపటి నుంచి ఆ కిటికీ ముందు ఇంకెవరో నిలబడతారు.

"వెళ్లిపోవడానికి అంత తొందరా?"

"తొందరే. నేను వెళ్లే డిపో బస్సు మీ వీధి చివర నుంచి బయలుదేరుతుంది. ఆలస్యంగా వచ్చినప్పుడల్లా మీరు తిట్టేది దాన్నే." అతను కాసేపు తన బూట్లు చూసుకున్నాడు. "బదిలీ నేనే అడిగాను."

ఆమె మీట నొక్కింది. పేరు పోయిందో లేదోనని మూడుసార్లు చూసుకుంది.

మర్నాడు వానలో పది నిమిషాల ముందే స్టాపులో నిలబడింది. బస్సు వచ్చి ఆగింది.

"ముందు సీటు ఖాళీగా ఉంది, మేడమ్."

"ఇక ఆ మేడమ్ తీసెయ్యండి."

"మొదటి నుంచా, చివరి నుంచా?"

బస్సు రెండు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. అందరూ తిట్టారు, ఆమె తప్ప.