ఇంకో చెంబు పొయ్యవ్వా

మైలవరం జలాశయంలో జనవరి నీళ్లకు పైన ఒక చలి, కింద ఇంకో చలి. నేను ఒక్కసారి కూడా మునగలేదు. నా మనవరాలు కీర్తన పైకి వచ్చినప్పుడు ఆమె వీపు మీద చెయ్యి వేసి ఆ రెండో చలిని తెలుసుకున్నాను.

కీర్తన విశాఖలో డైవింగు నేర్చుకుంది. తూము జాలీకి చిక్కుకున్న పాత చేపల వలలను కోసి తీసే పని ఆమెకూ, పడవ నడిపే సాల్మన్ రాజుకూ దొరికింది. ఆమె సిలిండరు కట్టుకొని దిగేది. అతను పడవలో కూర్చొని ఆమె నడుముకు కట్టిన తాడు పట్టుకునేవాడు. నా పని ఒడ్డున, మూడు రాళ్ల పొయ్యి మీద అండాలో నీళ్లు కాచడం. దిగే ముందు ఆమె రబ్బరు సూటును మెడ దగ్గర లాగి పట్టుకుంటే రెండు చెంబుల వేడినీళ్లు లోపలికి పోసేదాన్ని.

"ఎట్లయినా సూటులోకి నీళ్లు దూరతాయవ్వా. ఆ దూరేవి నువ్వు కాచినవైతే దుప్పటి కప్పుకున్నట్లుంటాది" అనేది.

నాకు డెబ్బై మూడేళ్లు. మిషన్ బడిలో ఆయాగా చేస్తూ పిల్లల పుస్తకాలు చూసి చదువు నేర్చుకున్నాను. అప్పటి పద్యాలు ఇంకా గుర్తున్నాయి. పొద్దున తిన్నది గుర్తుండడం లేదు. అందుకే కీర్తన దిగగానే కొంగుకు ముడి వేసుకునేదాన్ని, పైకి రాగానే విప్పేదాన్ని. ముడి ఉందంటే మనిషి నీళ్లలో ఉన్నట్టు.

"వరమ్మవ్వా, నిన్న నీ కొంగుకు నాలుగు ముళ్లుండాయే. ఎంతమందిని ముంచినావు?" అని సాల్మన్ ఎగతాళి చేసేవాడు.

"నవ్వప్పా, నవ్వు. నీకూ డెబ్బై వస్తాయి. అప్పుడు లుంగీకి వేసుకుందువులే."

అతనే ఒకసారి నవ్వకుండా చెప్పాడు. "చలేస్తాందంటే భయం లేదవ్వా. చలి పోయి వెచ్చగా ఉందనిపిస్తే అప్పుడు భయపడాల."

అది పని ఆఖరి రోజు. మబ్బు పట్టింది. సాయంత్రం నాలుగున్నరకు కీర్తన మూడోసారి దిగడానికి లేచింది. ముగ్గురం అలిసిపోయి ఉన్నాం. ఆమె ఎడమ మోచేతి దగ్గర సూటు చిరిగితే నేను ఎర్ర దారంతో వేసిన కుట్టు మళ్లీ ఊడుతోంది.

"ఇదొక్కటేనవ్వా. ఇంటికి పోదాం."

రెండు చెంబులు పోశాను. ముడి వేశాను. పడవ తూము గోడ చాటుకు పోయింది.

పొయ్యిలో కంపకట్టెలు తోశాను. మోకాళ్లు లాగుతున్నాయి. కాసేపటికి గాలి ఆగింది. పొగ పైకి పోకుండా నేల మీదే పరుచుకుంది. ఎన్నో ఏళ్లు మూసి ఉంచిన బావి మూత తీసినట్టు ఒక వాసన వచ్చింది.

తిరిగి చూస్తే రాతి మీద కీర్తన కూర్చొని ఉంది. నా వైపు వీపు పెట్టి. నల్ల సూటు, తల మీద టోపీ. పళ్లు టకటకమంటున్నాయి. చలి మరీ ఎక్కువైతే ఆమె తాడు విప్పుకొని నేరుగా పొయ్యి దగ్గరికే ఈదుకొచ్చేది. అదీ అట్లాంటిదే అనుకున్నాను.

"అప్పుడే వచ్చినావా తల్లీ?"

మెడ దగ్గర సూటు లాగి పట్టుకుంది.

చెంబు ముంచి పోశాను. కొంగు ముడి విప్పాను.

"అవ్వా... ఇంకో చెంబు..."

పోశాను. వణుకు తగ్గలేదు. ఇంకోటి. మరొకటి. సూటు కాళ్ల దగ్గర నుంచి కారిన నీళ్లు నా పాదాలకు తగిలాయి.

మంచులాగా ఉన్నాయి.

గోడ చాటు నుంచి సాల్మన్ కేక వేశాడు. "అవ్వా! తాడు వదులైంది. కీర్తన ఆడికొచ్చిందా?"

"వచ్చిందప్పా! ముడి గూడా విప్పేసినా!"

"సరే. నేను బీడీ తాగి వస్తా."

"ఇంకో చెంబు పొయ్యవ్వా..."

అండా అడుగు కనిపిస్తోంది. వంగి చివరి నీళ్లు ముంచుతుంటే ఆ ఎడమ మోచెయ్యి నా కళ్ల ముందుకు వచ్చింది.

ఎర్ర కుట్టు లేదు.

చిరుగే లేదు.

చెంబు జారిపోయింది. "సాల్మన్! తాడు లాగు! రాలేదు... ఆ పిల్ల రాలేదు!"

మళ్లీ చూస్తే రాతి మీద తడి మాత్రమే ఉంది.

తాడు బరువుగా వచ్చింది. సాల్మన్ ఏడుస్తూ లాగడం గోడ చాటు నుంచి వినిపించింది. పడవ ఒడ్డుకు చేరేసరికి కీర్తన పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ఎడమ చేతికి ఎర్ర కుట్టు ఉంది. పోయడానికి ఒక్క చెంబు నీళ్లు లేవు. సూటు విప్పి, రెండు కంబళ్లు చుట్టి, నా ఒంటికి ఆనించుకొని పొయ్యి పక్కనే కూర్చున్నాను. చాలాసేపటికి వణుకు మొదలైంది. వణుకు చూసి సాల్మన్ దేవునికి స్తోత్రం చెప్పాడు.

"తాడన్నా గుంజలేదేందమ్మీ?" అన్నాడు.

"చలి ల్యాకపాయె కదన్నా." మాట ముద్దగా వచ్చింది. "అవ్వ మెడకాడ చెంబు మీద చెంబు పోస్తానే ఉండె..."

సాల్మన్ నా వైపు చూశాడు. నేను అండా వైపు చూశాను.

జమ్మలమడుగులో ఇంటికి చేరి చీర మార్చుకోబోతే కొంగుకు ముడి ఉంది. విప్పాను కదా. విప్పానని గట్టిగా చెప్పాను కదా. నా మతిమరుపే అనుకున్నాను. గోళ్లతో లాగినా ఊడలేదు, దాని చల్లదనానికి వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ చీర అట్లాగే మూల పడేశాను.

తెల్లవారి కీర్తన గదిలోకి రెండుసార్లు పోయి చూశాను. నిద్రపోతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. తర్వాత పెట్టెలో నుంచి ఇస్త్రీ చీర తీశాను. పోయిన క్రిస్మస్ నుంచి దాన్ని ముట్టుకోలేదు.

మడత విప్పాను. కొంగు చివర ముడి ఉంది. తడిగా.