వైస్ గవర్నర్ నడిపిన కారు

"లియాంగ్ చావకూడదు," అన్నాడు ఫోన్లో చీఫ్ మంగరాజు. "ముఖ్యంగా మన గడ్డ మీద చావకూడదు. మిరియాలు ఎండాయా?"

"ఇంకా పచ్చివే," అన్నాడు వరహాలరావు. తమలో దూరిన ముఠా మనిషి ఎవరో ఇంకా తేలలేదని దానర్థం.

లియాంగ్ చైనాలో ఒక ప్రావిన్స్‌కి వైస్ గవర్నర్. అంతకుముందు పెద్ద కార్ల కంపెనీకి ప్రెసిడెంట్. విశాఖలో ఎలక్ట్రిక్ బస్సుల ఫ్యాక్టరీ ఒప్పందం మీద రేపు సంతకం పెట్టాలి. ఈలోగా ఆయన్ని చంపి రెండు దేశాలకీ తగువు పెట్టాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. అందుకే అరకు పర్యటనలో ఏజెంట్ వరహాలరావు టూరిజం డ్రైవర్ వేషం కట్టాడు. దుబాసీగా వెన్నెలను పెట్టాడు. ఆమె అతను తయారుచేసిన ఏజెంటే. మెరుపుతీగలాంటి మనిషి, ఐదు భాషలు వచ్చు.

తిరుగుదారిలో గాలికొండ దగ్గర కార్లు ఆగాయి. వెన్నెల ఫోన్ మాట్లాడుతూ కార్ల వైపు వెళ్లింది. సోములమ్మ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని లియాంగ్ కాఫీ తాగుతున్నాడు.

"బాగుందా?" అని వరహాలరావు చైనీస్‌లో అడిగేసరికి ఆయన ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు.

"డ్రైవర్‌వి కాదన్నమాట. పోనీలే. మా వాళ్లెవరూ లేనప్పుడు మాట్లాడే మనిషి దొరికాడు."

పదిహేడేళ్లప్పుడు కార్ల ఫ్యాక్టరీలో వెయ్ మాస్టారి దగ్గర చక్రాలు బిగించడంతో మొదలయ్యానని చెప్పాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కంపెనీకే ప్రెసిడెంట్ అయ్యాడు. పార్టీ పిలిస్తే ప్రభుత్వంలోకి వెళ్లాడు.

"రెండో ఏడు నా బల్ల మీదికి ఒక ఫైలు వచ్చింది. నేను చక్రాలు బిగించిన ఫ్యాక్టరీ మూసెయ్యాలని. సంతకం పెట్టాను. మాస్టారు మళ్లీ నాతో మాట్లాడలేదు. పోయిన చలికాలంలో పోయారు. చివరి చూపుకి వెళితే వాళ్లబ్బాయి తలుపు తియ్యలేదు."

వరహాలరావు ఆయన చేతిలోని ఖాళీ కప్పు అందుకుని బల్ల మీద పెట్టాడు.

"పదవిలోకి వచ్చాక స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు నన్ను," అన్నాడు లియాంగ్ లేస్తూ. "ఈ కారు మా కంపెనీదే. కిందిదాకా నేను నడపనా?"

రూల్స్ ఒప్పుకోవు. కానీ ఆ మొహం చూశాక వరహాలరావు తాళం ఇచ్చేశాడు.

వెన్నెల ఎదురొచ్చింది. "సార్, నేను వెనక కార్లో వస్తాను. ఘాట్‌లో తల తిరుగుతుంది నాకు."

కారు కదిలింది. తవాంగ్ కొండల్లో మూడు రోజులు బైక్ నడిపిన పిల్లకి తల తిరగడమేమిటి? ఆ అనుమానం పూర్తిగా రూపు కట్టకముందే వెనక నుంచి సోములమ్మ కేక వినిపించింది.

"బాబో! ఆగండి! ఆ గుంట మీ కారు సక్రం కాడ ఏటో అంటించినాది!"

"ఆపండి!" అని అరిచాడు వరహాలరావు.

లియాంగ్ బ్రేక్ తొక్కాడు. పెడల్ నేలకంటింది. కారు ఆగలేదు సరికదా, దానంతటదే వేగం అందుకుంది. ఎవరో రిమోట్‌తో నడుపుతున్నారు.

వరహాలరావు పక్కనున్న ఫ్లాస్క్ మూత తిప్పాడు. అందులో ఉన్నది జామర్. సిగ్నల్ తెగి మోటార్ చచ్చింది. బ్రేకులు మాత్రం రాలేదు. ముందు మలుపు. మలుపులో సంత జనంతో కిక్కిరిసిన జీపు ఎదురొస్తోంది.

లియాంగ్ చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద పడింది. ఒక్కసారిగా లాగలేదు. కొంచెం లాగి, వదిలి, మళ్లీ లాగి, కారుని కొండగట్టుకి రాసుకుంటూ తీసుకెళ్లాడు. జీపుకి జానెడు దూరంలో కారు ఆగింది.

"కొత్త మోడల్లో తీగతో లాగే హ్యాండ్‌బ్రేక్ పెట్టిస్తే ఎందుకని ఇంజనీర్లు నవ్వారు," అన్నాడు లియాంగ్ రొప్పుతూ. "కంప్యూటర్ చచ్చినా తీగ చావదనేవారు మా మాస్టారు." ఆ తర్వాత స్టీరింగ్ మీద తల ఆన్చి చాలాసేపు ఏడ్చాడు.

వెనక కారు వచ్చి ఆగింది. వెన్నెల దిగింది. పారిపోలేదు. చేతిలోని రిమోట్ తనే అందించింది.

"ఎందుకమ్మా?"

"పరాయి దేశం జైల్లో పదకొండు నెలలున్నాను సార్. ఈ ముఠావాళ్లే విడిపించారు. మీరేం చేశారు?"

వెన్నెల ఎవరో తమకు తెలియదని ఆనాడు ఫైలు మూసేశారు. దాని మీద సంతకం వరహాలరావుదే. పై నుంచి ఆర్డరని చెప్పబోయాడు.

"మీ చేతుల్తోనే సంకెళ్లు వెయ్యండి సార్," అంది వెన్నెల. రెండు చేతులూ చాచింది. అతనే వేశాడు.

మర్నాడు ఒప్పందం మీద లియాంగ్ సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా, అనారోగ్యం వల్ల ఆయన్ని పదవి నుంచి తప్పించినట్టు వార్త వచ్చింది. విదేశంలో ప్రొటోకాల్ మీరి కారు నడపడమే ఆ అనారోగ్యం.

మన ప్రెస్‌నోట్ రెండే ముక్కలు చెప్పింది. పర్యటన ప్రశాంతంగా ముగిసిందనీ, వాతావరణం కూడా సహకరించిందనీ.

వాతావరణం సంగతి నిజమే.